చలికాలమంతా నిలిపి ఉంచే పాత కారుకి కవరు ఎలా వేయాలి

న్యూజెర్సీ కానీ, మిషిగన్ కానీ, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ కానీ, చలి ముదిరిందంటే రోడ్లమీద ఉప్పు పడుతుంది. 1960ల నాటి బీటిల్, ఎంజీబీ, మస్టాంగ్ లాంటి బండి ఉన్నవాళ్లు అంతకుముందే దాన్ని లోపల పెట్టేస్తారు. వసంతంలో నాలుగు వానలు పడి రోడ్లమీది ఉప్పు కడుక్కుపోయాక గానీ బయటికి తీయరు. అంటే దాదాపు ఐదు నెలలు బండి ఒకేచోట నిలబడి ఉంటుంది. ఆ ఐదు నెలలూ దానిమీద ఉండే కవరు బండిని కాపాడవచ్చు, పాడుచేయనూ వచ్చు. తడి బండిమీద కవరు కప్పడం కంటే, కవరే లేకుండా వదిలేయడం నయం. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎందుకంటే అసలు శత్రువు మంచు కాదు, చెమ్మ. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాను బల్లమీద పెడితే రెండు నిమిషాల్లో దాని ఒంటిమీద చెమట పడుతుంది కదా. బండికీ అదే జరుగుతుంది. వారం రోజులు మైనస్ 8 డిగ్రీల్లో ఉండి చల్లబడిన టన్ను ఇనుము, జనవరిలో ఒక రాత్రి గాలి తిరిగి ప్లస్ 7కి చేరితే, గాలితోపాటు వెంటనే వేడెక్కదు. ఆ తడిగాలి చల్లటి రేకును తాకినచోటల్లా నీటి చుక్కలు కడతాయి. డోర్ల లోపలివైపు, చాసిస్ గొట్టాల్లో, బ్రేకు డ్రమ్ముల్లో, మీ కంటికి కనిపించనిచోట. కవరు ఆ ఆవిరిని బయటికి పోనిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. పోనివ్వకపోతే ఏప్రిల్ దాకా అక్కడే ఉంటుంది.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. రోడ్లమీద చల్లే లవణాల్లో మెగ్నీషియం క్లోరైడు ఉందంటే ఇంకా ప్రమాదం. అది సుమారు 33 శాతం తేమలోనే గాలిలోని నీటిని పీల్చుకుని తడిసిపోతుంది. బండి అడుగున ఆ ఉప్పు అంటుకుని ఉంటే, గ్యారేజీ ఎంత పొడిగా ఉన్నా అక్కడ మాత్రం తడి ఉన్నట్టే.

ముందు కడగండి, తరువాత పూర్తిగా ఆరబెట్టండి

కవరు వేయడానికి కనీసం మూడు రోజుల ముందు ఈ పని మొదలుపెట్టాలి. పైన కార్ షాంపూతో కడగడం అందరూ చేసేదే. అడుగుభాగం, మడ్‌గార్డుల లోపలి అంచులు, బంపరు వెనకాల, డోర్ల కింది అంచులు, వీటిని వదిలేయకండి. మట్టి పేరుకున్నచోట తడి వారాల తరబడి నిలిచి ఉంటుంది. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న చిల్లులుంటాయి. వాటిలో ప్లాస్టిక్ టై ముక్క దూర్చి కదపండి. ఇనుప తీగ వాడితే లోపలి పెయింటు గీసుకుపోయి, అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది.

కడిగాక బండిని 25, 30 కిలోమీటర్లు నడపండి. ఇంజను, సైలెన్సరు బాగా వేడెక్కాలి, బ్రేకులు నాలుగైదుసార్లు గట్టిగా వేసి డ్రమ్ములు ఆరబెట్టాలి. తరువాత గ్యారేజీలో పెట్టి డోర్లు, బానెట్, డిక్కీ తెరిచి, ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయండి. డోర్లు తెరిచి ఉంటే లోపలి లైటు బ్యాటరీని తాగేస్తుంది, ముందే దాని బల్బు తీసేయండి.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. కాళ్ల దగ్గరి కార్పెట్ ఎత్తి, కింద నాలుగు మడతల న్యూస్‌పేపరు పరిచి, కార్పెట్ మళ్లీ వేసి మడమతో గట్టిగా తొక్కండి. పది నిమిషాలాగి కాగితం తీసి చూడండి. చింపితే చిరచిరమనాలి. మెత్తగా, చప్పుడు లేకుండా చిరిగిందంటే ఇంకా తడి ఉంది, కవరు జోలికి వెళ్లకండి. టాప్ తీసే బండ్లలో ఈ పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే కార్పెట్ పైన పొడిగా కనిపిస్తూనే కింద గోనెలాంటి పొర నీళ్లు పట్టి ఉంచుతుంది.

పెయింటుమీద ఒక పూత మైనం, క్రోమ్ భాగాలమీద కూడా పలచగా ఒక పూత వేయండి. కొత్తగా పెయింటు వేయించిన బండైతే, పెయింటరు చెప్పిన గడువు పూర్తయ్యేదాకా మైనమూ వద్దు, కవరూ వద్దు. లోపలి సాల్వెంటు ఇంకా బయటికి వస్తూ ఉంటుంది. దాన్ని మూసేస్తే పెయింటు మెత్తబడి కవరు నేత గుర్తులు పడతాయి.

నేల సంగతి

కవరు పైనుంచి కాపాడుతుంది, చెమ్మ చాలాసార్లు కిందినుంచి వస్తుంది. పాత ఇళ్ల గ్యారేజీల్లో కాంక్రీటు కింద ప్లాస్టిక్ పొర ఉండదు, నేలలోని తేమ పైకి పాకుతుంది. మీది ఎలాంటిదో తేల్చుకోండి. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ షీటును నేలమీద పరిచి నాలుగంచులా టేపు అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా, తేమ వస్తున్నట్టే. అప్పుడు 0.15 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలిథీన్ షీటు, బండి కంటే నాలుగువైపులా అరమీటరు ఎక్కువ ఉండేలా పరిచి, దానిమీద బండి నిలపండి. టైర్ల కింద చెక్క పలకలో, పాత కార్పెట్ ముక్కలో వేయండి. నూనె కారే బండైతే ఇంజను కింద అట్ట పెట్టండి, ఏప్రిల్‌లో ఆ అట్ట చూస్తే ఏది ఎక్కడ కారిందో కూడా తెలుస్తుంది.

గట్టిగా మూసిన గ్యారేజీలో తేమ తీసే మిషను పెట్టాలనుకుంటే రకం చూసి కొనండి. కంప్రెసరు ఉండే రకం 10 డిగ్రీల కిందికి పోతే కాయిల్‌మీద మంచు కట్టి సరిగా పనిచేయదు. వేడి చేయని గ్యారేజీకి డెసికెంట్ రకమే (తేమను పీల్చే పదార్థంతో పనిచేసేది) పనికొస్తుంది. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంచండి. మరీ 30కి దిగితే తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు బీటలిస్తాయి. పొగగొట్టం లేని కిరోసిన్ హీటరు, గ్యాస్ హీటరు మాత్రం పెట్టకండి. లీటరు కిరోసిన్ మండితే లీటరుకు పైగా నీరు ఆవిరై అదే గదిలో చేరుతుంది. నిప్పు భయం, విషవాయువు భయం సరేసరి.

కవరు కింద బండి ఎలా ఉండాలి

ఇవి కవరు పనులు కావు గానీ, కవరు వేశాక గుర్తొస్తే మళ్లీ అంతా తీయాలి, కాబట్టి ముందే చేసేయండి.

ఇంజనాయిలు మార్చండి, పాత ఆయిల్‌లోని ఆమ్లాలు, నీటి అంశం బేరింగులను ఐదు నెలలు తినకుండా. పెట్రోలు ట్యాంకు దాదాపు నిండా నింపి, పెట్రోలు పాడవకుండా కలిపే స్టెబిలైజరు డబ్బామీద రాసిన కొలత ప్రకారం పోసి, పది నిమిషాలు ఇంజను నడపండి, అది కార్బురేటర్ దాకా చేరాలి. పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత తక్కువుంటే అంత మంచిది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది, పాత బండికి ఈ5 (ఐదు శాతం దాకా) సూపర్ కొట్టించండి. నీళ్లతో చల్లబడే ఇంజనైతే యాంటీఫ్రీజ్, నీళ్లు సగం సగం ఉంటే సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. బీటిల్‌కి ఈ బెడద లేదు, దానిది గాలితో చల్లబడే ఇంజను.

బ్యాటరీ పూర్తిగా చార్జ్ చేసి 12.6 వోల్టుల పైన ఉందని చూసుకుని, చార్జ్ తగ్గకుండా నిలిపి ఉంచే మెయింటైనర్‌కి తగిలించండి. నిండుగా ఉన్న బ్యాటరీ ఎంత చలికైనా గడ్డకట్టదు. ఖాళీ అయినది మైనస్ 10 లోపే గడ్డకట్టి పగిలిపోతుంది, ఆసిడ్ కిందికి కారుతుంది. పాత బీటిల్‌ది 6 వోల్టులు కావచ్చు, తొలినాటి ఎంజీబీలో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొసను బండి బాడీకి కలపడం) ఉంటుంది. మెయింటైనర్ క్లిప్పులు పెట్టేముందు చూసుకోండి. దాని వైరు కవరు కింది అంచునుంచి బయటికి రావాలి. మెయింటైనర్ పెట్టె బయట నేలమీదే ఉండాలి, కవరు కింద వేడెక్కకూడదు.

హ్యాండ్‌బ్రేకు వదిలేయండి, లేకపోతే బ్రేకు లైనింగు డ్రమ్ముకి అతుక్కుపోతుంది. చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. టైర్లలో మామూలు కంటే 5 నుంచి 10 పీఎస్‌ఐ ఎక్కువ కొట్టండి, టైరు గోడమీద రాసిన గరిష్ఠం దాటకుండా. జాకీ స్టాండులమీద ఎత్తితే యాక్సిల్ కిందే ఎత్తాలి. చాసిస్ కింద ఎత్తితే సస్పెన్షన్ ఐదు నెలలు వేలాడి రబ్బరు బుష్‌లు మెలిపడతాయి.

గుడ్డ టాప్ ఉన్న బండైతే టాప్ వేసి, లాక్ చేసి ఉంచండి. మడిచి వదిలేస్తే మడతల దగ్గర చిరుగుతుంది, వెనక ప్లాస్టిక్ అద్దం చలికి పెళుసెక్కి పగులుతుంది. డోరు రబ్బర్లకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి.

ఎలుకలు. సైలెన్సరు మూతికి, ఎయిర్ ఫిల్టరు మూతికి స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ గుప్పెడు దూర్చండి. మామూలు స్టీలు పీచు తుప్పు పట్టి మరక చేస్తుంది. ఎక్కడెక్కడ దూర్చారో కాగితంమీద రాసి స్టీరింగుకు కట్టండి. నాఫ్తలీన్ ఉండలు వేయకండి, ఆ వాసన సీట్లలోంచి ఏళ్లు గడిచినా పోదు. బండి లోపల క్యాల్షియం క్లోరైడు డబ్బాలు పెట్టడమూ వద్దు. అవి తేమను పీల్చి ఉప్పునీళ్లవుతాయి, ఒక్కటి ఒరిగిందంటే కార్పెట్ కింద రేకు మొత్తం పాడు. సిలికా జెల్ సంచులు నయం, వాటి నీళ్లు కారవు. బరువెక్కాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. సంచి గుడ్డ ఆ వేడికి తట్టుకోకపోతే గింజలు పళ్లెంలో పోసి ఆరబెట్టండి.

ఏ కవరు కొనాలి

గ్యారేజీ లోపలికైతే మెత్తటి నూలు ఫ్లానెల్, లేదా బండి ఒంటికి అతుక్కుని సాగే పాలిస్టర్ అల్లిక గుడ్డ. రెండింటిలోంచీ గాలి ఆడుతుంది. సాగే గుడ్డ అందంగా ఉంటుంది, దుమ్మునూ ఆపుతుంది, కానీ యాంటెన్నా, మిర్రర్ దగ్గర బిగుసుకుని లాగుతుంది. బీటిల్ లాంటి గుండ్రటి బండికి అది బాగా నప్పుతుంది, పొడుచుకొచ్చిన బంపరు గార్డులున్న బండికి ఫ్లానెలే మేలు.

నూలు కవరును బయట వాడకండి. వానకి నీళ్లు పీల్చి, రాత్రికి గడ్డకట్టి పెయింటుకి అతుక్కుంటుంది. బయట నిలిపే బండికి మూడు, నాలుగు పొరల నాన్‌వోవెన్ (నేయకుండా అతికించి చేసిన) పాలీప్రొపిలీన్ కవరు కావాలి. దాని మధ్యలో సన్నటి రంధ్రాల పొర ఉంటుంది. నీటి చుక్క దూరలేదు, ఆవిరి దూరి బయటికి పోతుంది. "వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్నంత మాత్రాన కొనకండి, గాలి ఆడుతుందని కూడా రాసి ఉండాలి. కొన్న తరువాత ఇంట్లోనే చూసుకోవచ్చు. వేడినీళ్ల గిన్నెమీద కవరు అంచు పరిచి, దానిపైన పొడి గాజుపళ్లెం బోర్లించండి. కొద్ది నిమిషాల్లో పళ్లేనికి చెమట పట్టాలి. పట్టలేదంటే ఆ కవరు బండిని ప్లాస్టిక్ సంచిలో మూట కట్టినట్టే.

టార్పాలిన్ మాత్రం ఎప్పుడూ వద్దు. ఆవిరిని ఆపేస్తుంది, గాలికి కొట్టుకుంటూ పెయింటును రుద్దుతుంది. వినైల్ కవర్లలోంచి వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజరు కారి, పాత సెల్యులోజ్ పెయింటును మెత్తబరిచి మరక చేస్తుంది, ఆ మరక పాలిష్‌తో పోకపోవచ్చు. ఊళ్లో నాన్నగారి అంబాసిడర్‌నో పద్మినినో టార్పాలిన్ కప్పి వదిలేసి వచ్చినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. విశాఖ, కాకినాడ తీరంలో వానాకాలం ముసురు చేసే పని, ఇక్కడ జనవరి చేసే పనీ ఒకటే.

కొలత కచ్చితంగా తీయండి. బంపరు నుంచి బంపరు దాకా పొడవు, మిర్రర్లు వదిలేసి వెడల్పు, ఎత్తు. ఎంజీబీ 3.9 మీటర్లు, బీటిల్ 4 మీటర్లు దాటుతుంది, 1965 మస్టాంగ్ 4.6. మీడియం, లార్జ్ అని అమ్మే కవర్లు బండికి వదులై గాలికి ఉబ్బుతాయి. మోడల్ కోసమే కుట్టినది ఖర్చు ఎక్కువైనా మేలు. అంబాసిడర్‌ని ఇంగ్లండ్‌లో ఉంచుకున్నవాళ్లకు ఆ పేరుతో కవరు దొరకకపోతే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 పేరుతో అడగండి, మన బండి దాన్నుంచి వచ్చిందే. మడ్‌గార్డుల దగ్గర సరిపోయిందో లేదో ఒకసారి వేసి చూసుకోండి.

వేయడం, తీయడం

బండిమీద దుమ్ముంటే కవరు గరుకు కాగితంలా గీస్తుంది. అందుకే కడిగి ఆరబెట్టిన రోజే వేసేయండి, మధ్యలో నాలుగు రోజులు వదిలితే మెత్తటి గుడ్డతో మళ్లీ దుమ్ము తీయాలి. ఇంజను, సైలెన్సరు చేతికి చల్లగా తగలాలి. వేడి సైలెన్సరు మీద పడితే పాలిస్టర్ కరిగి క్రోమ్‌కి అంటుకుంటుంది.

1. యాంటెన్నా విప్పేయండి. విప్పలేనిదైతే మొనకి గుడ్డ చుట్టండి. బానెట్ బొమ్మ, బంపరు కొసలు, వైపరు చివర్ల మీదా మెత్తటి గుడ్డ కట్టండి.
2. ఇద్దరు కలిసి కవరు చుట్టను టాప్ మధ్యలో పెట్టి ముందుకూ వెనక్కూ విప్పండి. నేలమీద పరిచి లాగకండి, నేలమీది ఇసుక లోపలివైపు అంటుకుంటుంది.
3. ముందు బంపరుకి ఎలాస్టిక్ తగిలించి, తరువాత వెనక్కి, చివరికి పక్కలు కిందికి దించండి. లాగి సరిచేయకండి, ఎత్తి సరిచేయండి.
4. అంచు నేలని తాకకూడదు, చక్రాల సగం దాకా వస్తే చాలు. కింద ఖాళీ ఉంటేనే గాలి తిరుగుతుంది. నేలని తాకే గుడ్డ తేమను పైకి పీలుస్తుంది, ఎలుకకి నిచ్చెన కూడా అవుతుంది.

తీసేటప్పుడు రెండు పక్కలనూ ఎత్తి టాప్ మీదికి మడవండి. అప్పుడు దుమ్ము పట్టిన బయటివైపు బయటివైపుకే తగులుతుంది. తరువాత వెనకనుంచి ముందుకు చాప చుట్టినట్టు చుట్టండి. చుట్టలో లోపలివైపు లోపలివైపునే తాకుతుంది, ఒక్క ఇసుక రేణువు కూడా పెయింటుకి తగిలే వైపు చేరదు. కుప్పగా లాగి మూలన పడేసిన కవరు మరోసారి వేసినప్పుడు బానెట్ మీద సన్నటి గీతలు పెడుతుంది, ఎండలో నిలబెడితే గాని అవి కనిపించవు. ఆ చుట్టను దాచేముందు కవరు పూర్తిగా ఆరి ఉండాలి.

కవరు ఉతికేటప్పుడు చల్లటి నీళ్లు, తేలికపాటి సబ్బు మాత్రమే. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే సన్నటి రంధ్రాలు మూసుకుపోయి, మంచి కవరు కూడా ప్లాస్టిక్ సంచిగా మారుతుంది.

బయటే నిలపాల్సి వస్తే

వీలైతే ఇనుప గొట్టాలతో వేసే తాత్కాలిక షెడ్డు వేయండి, దాని కింద పలచటి కవరు చాలు. అదీ కుదరకపోతే కవరు గాలికి కొట్టుకోకుండా చూడటమే మీ ముఖ్యమైన పని. మడ్‌గార్డు పైభాగం, టాప్ అంచులు, డోరు హ్యాండిల్ దగ్గర ఒక గాలివాన రాత్రి చాలు, పెయింటు రుద్దుకుపోయి కింది ప్రైమర్ కనిపిస్తుంది. బండి పొట్టకిందుగా రెండు పట్టీలు వేసి బిగించండి, ముందు చక్రాల వెనకొకటి, వెనక చక్రాల ముందొకటి. ప్లాస్టిక్ బకిల్ కింద ఉండాలి, పక్కన డోరుకి తగలకూడదు. తాడు బయటినుంచి చుట్టి కడితే ఆ తాడు కిందే పెయింటు పోతుంది.

మంచు పడితే మెత్తటి చీపురుతో పైపైన తోసేయండి, పార వద్దు. గుడ్డ టాప్ మీద తడిమంచు అడుగు మందం పేరుకోనివ్వకండి, టాప్ కమ్మీలు వంగుతాయి. కవరు గడ్డకట్టి బండికి అంటుకుంటే లాగకండి, వేడినీళ్లు పోయకండి. దానంతటది కరిగేదాకా ఆగండి.

ఇంగ్లండ్‌లో రోడ్డు పన్ను, బీమా ఆపి ఎస్‌ఓఆర్‌ఎన్ (బండి రోడ్డుమీద తిరగదని ప్రభుత్వానికి ఇచ్చే ప్రకటన) ప్రకటించిన బండి పబ్లిక్ రోడ్డుమీద ఉండకూడదు, సొంత స్థలంలోనే ఉండాలి.

నెలకోసారి, వాతావరణం మారినప్పుడు

చిన్న తేమ మీటరు ఒకటి కవరు కింద, డ్రైవరు వైపు అద్దం దగ్గర పెట్టండి. నెలకోసారి చూడటం కంటే, గడ్డకట్టే చలి పోయి గాలి వేడెక్కిన రెండో రోజు చూడటం ఎక్కువ ఉపయోగం. అంచు కింద చెయ్యి పెట్టి మడ్‌గార్డు లోపలివైపు తడమండి. తడి తగిలిందంటే పొడిగాలి ఉన్న రోజు చూసి సగం కవరు వెనక్కి మడిచి ఫ్యాన్ పెట్టండి. ఎలుక పెంటికలు, కొరికిన కాగితం ముక్కలు ఉన్నాయేమో కూడా అప్పుడే చూడండి.

బండి ప్రాణంతో ఉందో లేదో చూద్దామని ఐదు నిమిషాలు స్టార్ట్ చేయడం చాలామంది చేసే పొరపాటు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ నీరు సైలెన్సర్‌లోనూ, ఇంజనాయిల్‌లోనూ మిగిలిపోతుంది. ఉప్పు లేని పొడి రోడ్డుమీద 30 కిలోమీటర్లు తిప్పగలిగితే తిప్పండి, లేకపోతే తాకకండి.

ఏప్రిల్‌లో కవరు తీయడానికి మధ్యాహ్నం వేళ, పొడిగా ఉన్న రోజు ఎంచుకోండి. గ్యారేజీ ఇంకా చల్లగా ఉండి బయట తడివెచ్చగా ఉన్న పొద్దున తలుపులు బార్లా తెరిచి కవరు లాగితే, ఐదు నెలలు పొడిగా ఉన్న బండికి పది నిమిషాల్లో ఒళ్లంతా చెమట పడుతుంది. స్టీరింగుకి కట్టిన కాగితం చదివి జాలీలన్నీ తీయండి. ఎయిర్ ఫిల్టరు విప్పి ఎలుక గూడు లేదని చూడండి. టైర్లలో గాలి సరిచేయండి. ఇంజను అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకేసి పదేసి సెకన్ల చొప్పున రెండు మూడుసార్లు స్టార్టరు తిప్పితే ఆయిలు పైదాకా ఎక్కుతుంది. అప్పుడు వైరు తగిలించి స్టార్ట్ చేయండి, గేటు దాటేముందే బ్రేకు రెండుసార్లు నొక్కి చూడండి.